మండేలా తొడుక్కున్న ఆ టీషర్టు!

డబ్బున్నవాళ్లకు మందు ఉంది. లేనివాళ్లకు శ్మశానం ఉంది. ఇరవై అయిదేళ్ల కిందట దక్షిణాఫ్రికాలో హెచ్‌ఐవీ వచ్చినవాళ్ల పరిస్థితి ఇదే. దాన్ని మార్చింది ఎవరో పెద్ద నాయకుడు కాదు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, ఉద్యోగాల్లేని కుర్రాళ్లు, మనవల్ని సాకుతున్న అమ్మమ్మలు. వాళ్ల కథలో మన హైదరాబాదుకీ ఓ పాత్ర ఉంది.

2002 డిసెంబరు. కేప్‌టౌన్ శివార్లలో ఖయెలిట్షా అనే పెద్ద బస్తీ. షోసా భాషలో ఆ మాటకు 'కొత్త ఇల్లు' అని అర్థం. పేరులో ఉన్నంత సుఖం అక్కడి రేకుల ఇళ్లలో ఉండదు. అక్కడి క్లినిక్‌కి నెల్సన్ మండేలా వచ్చి, వాళ్లిచ్చిన ఒక టీషర్టు తొడుక్కున్నారు. దాని మీద పెద్ద అక్షరాల్లో రాసి ఉంది: 'హెచ్‌ఐవీ పాజిటివ్'.

మండేలాకి హెచ్‌ఐవీ లేదు. మరి ఎందుకు వేసుకున్నట్టు?

దానికి జవాబు కావాలంటే నాలుగేళ్లు వెనక్కి వెళ్లాలి. 1998లో ప్రపంచ ఎయిడ్స్ దినం నాడు డర్బన్ ప్రాంతానికి చెందిన గుగు డ్లామిని అనే ఆవిడ, తనకు హెచ్‌ఐవీ ఉందని అందరి ముందూ చెప్పింది. కొద్దిరోజులకే ఒక గుంపు ఆవిణ్ని కొట్టి చంపేసింది. మా ఊరి పరువు తీశావన్నది వాళ్ల కోపం. ఈ హత్య తర్వాతే ఆ టీషర్టులు పుట్టాయి. ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అందరూ అదే వేసుకుని తిరిగితే, ఎవరికి జబ్బు ఉందో ఎవరు చెప్పగలరు? ఎంతమందిని కొడతారు? ఆలోచన చాలా సింపుల్. కానీ ఆ రోజుల్లో అది తొడుక్కుని బస్సెక్కాలంటే గుండె ధైర్యం కావాలి.

మెట్ల మీద మొదలైంది

1998 డిసెంబరు 10. అంతర్జాతీయ మానవ హక్కుల దినం. కేప్‌టౌన్‌లోని సెయింట్ జార్జ్ కెథడ్రల్ మెట్ల మీద కొద్దిమంది కూర్చున్నారు. వాళ్లలో జాకీ అచ్మత్ ఒకరు. వర్ణవివక్ష రోజుల్లో చిన్నవయసులోనే జైలుకెళ్లిన మనిషి. ఆయనకీ హెచ్‌ఐవీ ఉంది. దారినపోయేవాళ్ల దగ్గర సంతకాలు సేకరించడం మొదలుపెట్టారు. డిమాండ్ ఒక్కటే: హెచ్‌ఐవీ ఉన్న గర్భిణులకు, రోగులకు మందులు ఇవ్వండి. అలా పుట్టిందే ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్. అందరూ టీఏసీ అంటారు.

ఇందులో అంత కష్టమేముంది అనిపించొచ్చు. అసలు కష్టమంతా ధర దగ్గరే వచ్చింది. 1996 నాటికే మూడు రకాల మందులు కలిపి వాడితే హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు మామూలుగా బతకొచ్చని తేలిపోయింది. అమెరికాలో, యూరప్‌లో చావులు గబగబా తగ్గాయి. కానీ ఆ మందులకు ఒక మనిషికి ఏడాదికి 10 వేల నుంచి 15 వేల డాలర్లు అయ్యేది. అప్పటి రేటులో నాలుగున్నర లక్షల రూపాయలకు తక్కువ కాదు. దక్షిణాఫ్రికాలో అప్పటికే 40 లక్షలమందికి పైగా హెచ్‌ఐవీతో ఉన్నారు. వాళ్లలో అత్యధికులు పేదవాళ్లు.

ఎడ్విన్ కామెరాన్ అని అక్కడి న్యాయమూర్తి ఒకాయన. తనకు ఎయిడ్స్ ఉందని 1999లో బహిరంగంగా చెప్పారు. 2000లో డర్బన్‌లో జరిగిన అంతర్జాతీయ ఎయిడ్స్ సదస్సులో ఆయన ప్రసంగం సారాంశం ఇది: నేను బతికున్నానంటే నా జీతంతో మందులు కొనుక్కోగలగడం వల్లే, కొనలేనివాళ్లు చచ్చిపోతున్నారు. జడ్జిగారే ఆ మాటన్నాక ఎవరైనా కాదనేదేముంది?

బ్యాగు నిండా మాత్రలు

అదే సంవత్సరం ఇంకో సంఘటన. క్రిస్టఫర్ మొరాకా అనే టీఏసీ కార్యకర్త నోటిలో, గొంతులో ఫంగస్ ఇన్‌ఫెక్షన్‌తో బాధపడుతూ చనిపోయాడు. ఫ్లూకొనజోల్ అనే మాత్ర ఉంటే ఆ బాధ తగ్గేది. కానీ ఆ మందు మీద పేటెంటు ఉంది, ధర అందుబాటులో లేదు. అదే మందు థాయ్‌లాండ్‌లో ఎన్నో రెట్లు చవక.

అచ్మత్ ఏం చేశారంటే, 2000 అక్టోబరులో నేరుగా థాయ్‌లాండ్ వెళ్లి వేల మాత్రలు బ్యాగులో వేసుకుని వచ్చేశారు. చట్టప్రకారం అది నేరం. దాచుకోలేదు సరికదా, పత్రికలవాళ్లకి తామే చెప్పారు. మొరాకా పేరుతోనే ఆ ఉద్యమం నడిపారు. దొంగ రవాణా ఎవరైనా చాటుగా చేస్తారు. వీళ్లు చాటింపు వేసి చేశారు. రెండు ధరలు పక్కపక్కన పెట్టి చూపించేసరికి జనానికి పేటెంటు అంటే ఏమిటో ఇట్టే అర్థమైపోయింది. ఆ డిసెంబరులోనే ఫైజర్ కంపెనీ ప్రభుత్వాసుపత్రుల్లో ఆ మందును ఉచితంగా ఇచ్చే ఒప్పందం కుదుర్చుకుంది.

39 కంపెనీలు ఒకవైపు

ఇక్కడ కథ కోర్టుకెళ్తుంది. 1997లో, మండేలా అధ్యక్షుడిగా ఉన్నప్పుడే, చవక మందులు తెప్పించుకోవడానికి వీలుగా దక్షిణాఫ్రికా ఒక చట్టం చేసింది. ఇది చెల్లదంటూ మందుల కంపెనీలు దావా వేశాయి. విచారణ నాటికి అటువైపు ఉన్న కంపెనీలు 39. ప్రతివాదుల జాబితాలో మొదటి పేరు సాక్షాత్తూ మండేలాదే!

2001 మార్చిలో ప్రిటోరియా హైకోర్టులో విచారణ మొదలైంది. తామూ కోర్టుకు కొన్ని విషయాలు చెప్పాలని టీఏసీ పిటిషన్ పెట్టుకుంది. న్యాయమూర్తి ఒప్పుకున్నారు. అప్పటిదాకా అది వాణిజ్య చట్టాల కేసు. వీళ్లు రాగానే మనుషుల కేసు అయిపోయింది. మందు లేక ఎవరు ఎలా చనిపోతున్నారో ప్రమాణ పత్రాల రూపంలో కోర్టు ముందు పెట్టారు. బయట వీధుల్లో ఊరేగింపులు, ఇతర దేశాల్లోనూ నిరసనలు. పేపర్లలో రోజూ అదే వార్త. ఏప్రిల్ 19న కంపెనీలు కేసు ఉపసంహరించుకున్నాయి.

ఈ గెలుపు వెనక మన దేశం నుంచి వెళ్లిన ఒక అంకె కూడా ఉంది. 2001 ఫిబ్రవరిలో సిప్లా అధిపతి యూసుఫ్ హమీద్, మూడు మందుల కాంబినేషన్‌ని ఏడాదికి 350 డాలర్లకే ఇస్తానని 'డాక్టర్స్ వితవుట్ బోర్డర్స్' సంస్థకు చెప్పారు. అంటే రోజుకు డాలరు కూడా కాదు. 'ఇంత ఖర్చవుతుంది, ఏం చేస్తాం' అనే వాదన ఆ రోజుతో పడిపోయింది.

మన ఊరి కెమిస్ట్రీ

సిప్లాది ముంబయి. కానీ దాని తొలి ఎయిడ్స్ మందు మూలం హైదరాబాదులో ఉంది. తార్నాకలోని ఐఐసీటీలో ఏ.వి. రామారావు గారి నేతృత్వంలో ఏజెడ్‌టీ అనే మందును తక్కువ ఖర్చుతో తయారుచేసే పద్ధతి రూపొందింది. దాన్ని తీసుకునే సిప్లా 1993లో ఆ మందు మార్కెట్లోకి తెచ్చింది.

ఇది సాధ్యపడటానికి 1970 నాటి మన పేటెంట్ చట్టం కారణం. మందు మీద కాకుండా దాన్ని తయారుచేసే పద్ధతి మీదే అప్పట్లో పేటెంటు. అదే మందును వేరే దారిలో చేసుకోవచ్చు. ఆ వెసులుబాటు 2005లో పోయింది. కానీ అప్పటికే బాలానగర్ ఐడీపీఎల్ నీడలో హైదరాబాదు చుట్టూ మందుల పరిశ్రమ బలంగా నిలబడింది. అరబిందో, హెటిరో, మ్యాట్రిక్స్ లాంటి కంపెనీల నుంచి ఎయిడ్స్ మందులు ఆఫ్రికాకి వెళ్లాయి. మ్యాట్రిక్స్‌ని 2007లో మైలాన్ కొనేసింది. 2017లో మూడు మందులు ఒకే మాత్రలో ఉండే కొత్త రకాన్ని మనిషికి ఏడాదికి సుమారు 75 డాలర్లకే ఇస్తామని ముందుకొచ్చినవి అరబిందో, మైలాన్. 2023కి ఆ ధర 45 డాలర్ల లోపుకి దిగింది. పదివేల డాలర్లు ఎక్కడ, 45 డాలర్లు ఎక్కడ!

గర్వపడదాం, తప్పులేదు. కాకపోతే రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, కంపెనీలు వ్యాపారం కోసమే చేశాయి. కొనేవాళ్లు ఉండాలంటే ముందు ప్రభుత్వాలు కదలాలి. ప్రభుత్వాల్ని కదిపింది ఆ టీషర్టులవాళ్లు. రెండోది, మందు మన దగ్గరే తయారవుతున్నా మన రోగులకు ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం మొదలైంది 2004 ఏప్రిల్ 1న. అదీ కేవలం ఎనిమిది ఆసుపత్రుల్లో. హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల జాబితాలో అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉందన్నది మర్చిపోకూడదు.

ఇప్పుడు ప్రభుత్వంతోనే పేచీ

కంపెనీల కేసులో టీఏసీ నిలబడింది ప్రభుత్వం పక్కన. కేసు ముగిసిన నాలుగు నెలలకే అదే ప్రభుత్వం మీద కోర్టుకెక్కాల్సి వచ్చింది. మండేలా తర్వాత అధ్యక్షుడైన థాబో ఎంబెకి, హెచ్‌ఐవీ వల్లే ఎయిడ్స్ వస్తుందన్న సంగతినే ప్రశ్నించారు. ఆరోగ్యమంత్రి మాంటో షబలాలా సిమాంగ్ వెల్లుల్లి, బీట్‌రూట్, నిమ్మకాయల గొప్పతనం చెప్పుకొచ్చారు. మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే చిట్కాలకు మంత్రి హోదా వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అచ్చం అలాగే ఉంది.

అప్పుడు నెవిరాపిన్ అని ఒక మందు ఉంది. కాన్పు నొప్పుల సమయంలో తల్లికి ఒక మాత్ర, పుట్టాక మూడు రోజుల్లోపు బిడ్డకు కొన్ని చుక్కలు. అంతే. బిడ్డకు హెచ్‌ఐవీ సోకే ప్రమాదం దాదాపు సగానికి తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. తయారుచేసే కంపెనీ అయిదేళ్లపాటు ఉచితంగా ఇస్తానంది కూడా. అయినా ప్రభుత్వం ఒక్కో రాష్ట్రంలో రెండే కేంద్రాల్లో ఇస్తామంది. మిగతా ఆసుపత్రుల్లో డాక్టరు రాద్దామన్నా కుదరదు. అప్పట్లో ఏటా 70 వేలమంది దాకా పిల్లలకు తల్లి నుంచి హెచ్‌ఐవీ వస్తోందని సర్కారు లెక్కలే చెబుతున్నాయి.

టీఏసీ కేసు వేసింది. 1996 నాటి వాళ్ల రాజ్యాంగంలో 27వ సెక్షన్ ప్రకారం వైద్యం అందుకోవడం ప్రజల హక్కు. 2002 జులై 5న రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది: ఆ ఆంక్షలు తీసేయండి, అవసరమైన చోటల్లా మందు ఇవ్వండి. తీర్పు వచ్చింది కదా అని అన్ని రాష్ట్రాల్లో వెంటనే మందు రాలేదు. మళ్లీ వెంటపడాల్సి వచ్చింది.

ఇది తల్లీబిడ్డల వరకే. మిగతా రోగుల మాటేమిటి? 2003 ఫిబ్రవరి 14న కేప్‌టౌన్‌లో పదివేలమందికి పైగా పార్లమెంటు దాకా ఊరేగింపుగా వెళ్లారు. రోజుకు 600 మంది చనిపోతున్నారన్నది అప్పటి వాళ్ల లెక్క. మార్చిలో శాసనోల్లంఘనకు దిగారు. పోలీస్ స్టేషన్లకు వెళ్లి, ఈ చావులకు మంత్రులే బాధ్యులంటూ ఫిర్యాదులు ఇచ్చారు. అచ్మత్ అయితే ప్రభుత్వాసుపత్రిలో పేదవాడికి మందు దొరికేదాకా తానూ వేసుకోనని భీష్మించుకు కూర్చున్నారు. కొనుక్కునే దారి ఉన్నా ఏళ్లతరబడి వేసుకోలేదు. మండేలాయే ఇంటికొచ్చి నచ్చజెప్పినా వినలేదు. చివరికి 2003లో ఉద్యమ సభ్యులే గట్టిగా చెప్పాక మాత్ర మింగారు. ఆ ఆగస్టులో మంత్రివర్గం దిగొచ్చింది. నవంబరులో దేశమంతటా ఉచితంగా మందులిచ్చే ప్రణాళిక ఆమోదం పొందింది.

ఆలస్యానికి ఎంత మూల్యం చెల్లించారు? 2008లో హార్వర్డ్ పరిశోధకులు లెక్క కట్టారు. ఆ ప్రభుత్వ ధోరణి వల్ల మూడు లక్షల 30 వేలకు పైగా ప్రాణాలు అన్యాయంగా పోయాయి. సుమారు 35 వేలమంది పిల్లలు హెచ్‌ఐవీతో పుట్టారు.

అమ్మమ్మకి వైరల్ లోడ్ తెలుసు

మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఒక అలవాటు. ఏ సమస్య చూసినా 'దీనికో యాప్ చేసేద్దాం' అంటాం. టీఏసీ దగ్గర యాప్ లేదు. వాళ్లు చేసిన పని ఇంకోటి. దాన్ని 'ట్రీట్‌మెంట్ లిటరసీ' అన్నారు, అంటే వైద్యం గురించిన అక్షరాస్యత. వైరస్ ఒంట్లో ఏం చేస్తుంది, సీడీ4 కౌంట్ అంటే ఏమిటి, వైరల్ లోడ్ ఎందుకు చూడాలి, మాత్ర మానేస్తే ఏమవుతుంది, సైడ్ ఎఫెక్ట్స్ ఏమిటి... ఇవన్నీ స్థానిక భాషల్లో, పోస్టర్లతో, పాటలతో, క్లినిక్ క్యూలలోనే నేర్పారు. నేర్చుకున్నవాళ్లు పక్కవాళ్లకు నేర్పారు.

దీని విలువ తెలియాలంటే అప్పటి ఒక మాట వినాలి. 2001లో అమెరికా సహాయ సంస్థ అధిపతి ఆండ్రూ నాట్సియోస్, ఆఫ్రికాలో చాలామందికి గడియారం చూడటం తెలియదు, వేళకు మందులు ఎలా వేసుకుంటారన్న ధోరణిలో మాట్లాడారు. అదే ఏడాది మే నెలలో ఖయెలిట్షాలో 'డాక్టర్స్ వితవుట్ బోర్డర్స్' మందులివ్వడం మొదలుపెట్టింది. రేకుల షెడ్లలో ఉండేవాళ్లు ధనిక దేశాల రోగులకు ఏమాత్రం తీసిపోకుండా వేళ తప్పక వేసుకున్నారు. ఎందుకు వేసుకుంటున్నారో తెలిసినవాళ్లు మానేయరు కదా.

వుయిసెకా దుబూలా అనే ఆవిడ సంగతి చూడండి. ఇరవైల్లో ఉండగా 2001లో హెచ్‌ఐవీ ఉందని తెలిసింది. టీఏసీలో చేరి నేర్చుకుంది, నేర్పింది. కొన్నేళ్లకు అదే సంస్థకు జనరల్ సెక్రటరీ అయింది. రోగిగా క్లినిక్ మెట్లెక్కిన మనిషి, అధికారుల్ని లెక్కలతో సహా నిలదీసే స్థాయికి వచ్చింది. టీఏసీ సభ్యుల్లో ఎక్కువమంది పేద నల్లజాతి మహిళలే. ఒక సంగతి నన్ను బాగా ఆకట్టుకుంది. వీళ్లు మమ్మల్ని ఆదుకోండి అని ఎక్కడా అడగలేదు. చట్టంలో ఇలా ఉంది, పరిశోధనలో ఇలా తేలింది, ధర ఇంతే ఉండాలి, ఎందుకివ్వరు అని అడిగారు. జాలికి ఎవరైనా ఒకసారి చెయ్యి విదిలిస్తారు. లెక్క అడిగితే జవాబు చెప్పి తీరాలి.

గెలుపు తర్వాత పని

ఈ రోజు దక్షిణాఫ్రికాలో 50 లక్షలమందికి పైగా హెచ్‌ఐవీ మందులు వాడుతున్నారు. ప్రపంచంలో ఇంత పెద్ద కార్యక్రమం ఇంకెక్కడా లేదు. తల్లి నుంచి వైరస్ సోకే పిల్లల సంఖ్య ఏటా 70 వేల నుంచి కొన్ని వేలకు తగ్గింది. ఒకప్పుడు వారం వారం అంత్యక్రియలకు వెళ్లిన బస్తీల్లో, ఆనాటి రోగులు ఇప్పుడు మనవల్ని ఎత్తుకుంటున్నారు.

అంతా బాగుందని కాదు. మందు ఉన్నా క్లినిక్‌లో స్టాకు లేకపోవడం, తెల్లవారుజామునే క్యూ కట్టాల్సి రావడం, సిబ్బంది కసురుకోవడం... ఇవి మనకూ తెలిసిన కష్టాలే. అందుకే టీఏసీ, తోటి సంఘాలు కలిసి 'రిట్షిద్జె' అనే కార్యక్రమం పెట్టాయి. వెండా భాషలో 'మన ప్రాణాలు కాపాడుకోవడం' అని అర్థం. మందులు వాడేవాళ్లే తమ క్లినిక్‌లో ఎంతసేపు నిలబడాల్సి వస్తోంది, ఏ మందు లేదు అన్నది రాసి పైవాళ్ల ముందు పెడతారు. మా భాషలో చెప్పాలంటే, వాడేవాడే బగ్ రిపోర్టు రాస్తాడు, సరిచేసేదాకా మూసేయనివ్వడు.

2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేయడంతో అక్కడ కొన్ని క్లినిక్‌లు మూతపడ్డాయి, వేలమంది ఆరోగ్య సిబ్బంది ఉద్యోగాలు పోయాయి. మళ్లీ మొదటికొస్తుందేమోనన్న భయం మొదలైంది. అదే ఏడాది సెప్టెంబరులో ఇంకో వార్త: లెనకపవిర్ అనే కొత్త ఇంజెక్షన్ ఆరు నెలలకోసారి వేసుకుంటే హెచ్‌ఐవీ సోకకుండా కాపాడుతుంది. అమెరికాలో దాని ధర ఏడాదికి 28 వేల డాలర్ల పైమాటే. 2027 నుంచి పేద, మధ్యాదాయ దేశాలకు సుమారు 40 డాలర్లకు ఇస్తామని ఒప్పందాలు కుదిరాయి. తయారుచేసేది ఎవరంటే డాక్టర్ రెడ్డీస్, హెటిరో. రెండూ హైదరాబాదువే.

అంటే కథ మళ్లీ మన గడప దగ్గరికొచ్చింది. మందు తయారవడం ఒక సగం. అది క్లినిక్ కిటికీ దాటి మనిషి చేతికి అందడం ఇంకో సగం. ఆ రెండో సగం దక్షిణాఫ్రికాలో జనమే చూసుకున్నారు, ఇప్పుడూ చూసుకుంటున్నారు. మన దగ్గర? ఊళ్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లినప్పుడు 'మందు అయిపోయింది, బయట కొనుక్కోండి' అంటే మనలో ఎంతమందిమి తిరిగి ప్రశ్నిస్తాం? ఏ మందులు అక్కడ ఉండి తీరాలో, ఎన్నాళ్ల నుంచి లేవో, ఇండెంట్ ఎప్పుడు పెట్టారో అడిగే హక్కు మనకుంది. సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల ఫీజు, ఒక తెల్లకాగితం చాలు.

ఈసారి వెళ్లినప్పుడు అడిగి చూడండి. పక్కన క్యూలో ఉన్నవాళ్లకి కూడా చెప్పండి.